కుర్చీలో రాని చప్పట్లు

కోరుట్లలో పిల్లలకు మాటలు నేర్పే పని నాది. ఆరేళ్ల శ్రావణికి మాటలు ఆలస్యం. ఒక మాటను ముక్కలుగా పలుకుతూ ముక్కకో చప్పట కొట్టమంటే నెలలుగా కుదరడం లేదు. ఈ రోజు వాళ్లమ్మ అంది: "కూసుంటె కొట్టది మేడం. బతుకమ్మ ఆడేటప్పుడైతె మస్తు కొడ్తది."

వెంటనే బొమ్మల బుట్టను నేల మీద పెట్టి ముగ్గురం చుట్టూ తిరిగాం. వంగుతూ, చప్పట్లు కొడుతూ శ్రావణి తన ఊరి పేరు పలికింది: "క... థ... లా... పూర్." ఒక్క చప్పటా తప్పలేదు. సంతోషం పట్టలేక నేను ఇంకో రెండు చుట్లు ఊరికే తిరిగాను.

ఇందాక బస్సులోంచి వాళ్లమ్మ ఫోన్ చేసింది. "అందరి పేర్లడిగి చప్పట్లు కొడ్తంది మేడం. కండక్టర్ను సుత ఇడుస్తలేదు."

కొత్తవాళ్లను చూస్తే అమ్మ కొంగు వెనక దాక్కునే పిల్ల అది.

మీ పేరుకు ఎన్ని చప్పట్లో కింద రాయండి. రేపు రాగానే నన్నడుగుతుంది.