మైల లేదన్నవాడికి స్నానం

కిందటి చలికాలం, మేముండే వాన్ అనే ఊళ్ళో, ఇంటికి దగ్గర్లోనే, మంచు కురుస్తున్న ఒక సాయంత్రం ఆగి ఉన్న ట్రక్కుల మధ్య నుంచి ఒక మనిషి రోడ్డు మీదికి వచ్చాడు. మా ఆయన బ్రేక్ వేసినా కారు జారి అతన్ని గుద్దేసింది. ఆ మనిషి దక్కలేదు. ఇందులో మా ఆయన తప్పేమీ లేదని పోలీసులు తేల్చారు.

ఆ తర్వాత మా అమ్మాయికి పాప పుట్టింది. మా ఆయన మాత్రం మనవరాలిని ముట్టుకోరు. దేవుడి గదిలోకి రారు, తన కంచం విడిగా కడుక్కుంటారు. "మీ తప్పేం లేదండీ" అని చెప్పీ చెప్పీ నా నోరు పడిపోయింది.

"అమ్మా, నాన్న దాన్ని టచ్ కూడా చెయ్యరేంటి? డిడ్ ఐ డూ సంథింగ్ రాంగ్?" అని ఒకరోజు అమ్మాయి ఏడ్చింది. నాకు ఒళ్ళు మండి ఆయన్ని గుడికి లాక్కెళ్ళాను.

పంతులుగారు పాపం ఓదార్చాలనే అన్నారు. "మైల సొంతవాళ్ళకే అండీ. పోయినాయన మీకేమీ కారు కదా. మీకసలు మైలే లేదు."

ఇప్పుడు డ్రైవింగ్ నాదే. తిరిగొస్తుంటే పక్కసీట్లో కూర్చుని ఆయన, "విన్నావుగా. లేని మైల ఎలా పోతుంది?" అన్నారు.

రిటైరయ్యేదాకా నేను ప్రాచీన గ్రీకు చెప్పినదాన్ని. పుట్టుకకూ చావుకూ ఆ గ్రీకులకూ మనలాగే మైల ఉండేది. మియాస్మా అనేవారు. అయితే పంతులుగారు వదిలేసిన మనిషిని వాళ్ళు వదల్లేదు. తెలియక ప్రాణం తీసినా మరక అంటుతుందనేవారు. బట్టకు పసుపు అంటినట్టే, మంచివాడా చెడ్డవాడా అని అది చూడదు. అలాంటివాడు పరాయి ఇంటి పొయ్యి దగ్గర మాట్లాడకుండా కూర్చుంటే, ఆ ఇంటాయన పందిపిల్ల నెత్తురు చేతుల మీద పోసి కడిగేవాడు. ఆ తర్వాత అతను మళ్ళీ మనుషుల్లో కలిసేవాడు. ఇన్నేళ్ళు క్లాసులో చెప్పిన పాఠం నా ఇంటికి ఎందుకు పనికిరాదు? వంకాయ తప్ప ఏదీ కోయని ఇల్లు మాది కాబట్టి నీళ్ళతోనే కానిద్దామనుకున్నాను.

ఆదివారం పొద్దున బాత్‌టబ్‌లో పీట వేశాను.

"ఏ శాస్త్రంలో ఉందిది?" అన్నారు ఆయన.

"గ్రీకు శాస్త్రంలో. మాట్లాడకుండా కూర్చోండి."

కూర్చున్నారు. మొదటి చెంబు తల మీద పడగానే, "అతను నా వల్లే పోయాడు" అన్నారు.

అలవాటైన మాట నోటిదాకా వచ్చింది. మింగేశాను.

"అవునండీ. మీ వల్లే పోయాడు" అని రెండో చెంబు పోశాను.

ఆయన వెక్కి వెక్కి ఏడ్చారు. నాకూ ఏడుపు ఆగలేదు. అయినా చెయ్యి ఆపలేదు, బకెట్ ఖాళీ అయితే మళ్ళీ నింపాను.

పొడి పంచె కట్టుకుని ఆయన బయటికి వచ్చేసరికి అమ్మాయి పాపను ఎత్తుకుని హాల్లో నిలబడి ఉంది. ఆయన చేతులు చాపారు.

"నాన్నా, చేతులింకా వెట్‌గా ఉన్నాయి" అంది అమ్మాయి.

"తడే కదమ్మా" అన్నారు ఆయన, పాపను అందుకుంటూ.