ఆఫ్రికా కవికి రెండు నిమిషాలు

మేముంటున్న ఈ పరాయి దేశపు ఊరు ఫ్లాట్ బుష్‌లో మా తెలుగువాళ్ళ ఉగాది సభ ఏనాడూ వేళకు మొదలైన పాపాన పోలేదు. జ్యోతి ప్రజ్వలన, శాలువాలు, సినిమా పాటలకు డాన్సులు అయ్యేసరికి బిర్యానీ వాసన హాలంతా కమ్ముకుంటుంది. ఇక ఉపన్యాసాలు వినే ఓపిక ఎవరికుంటుంది?

ఈసారి మా అమ్మాయి మాట్లాడతానంది. పద్నాలుగేళ్ళ పిల్ల, ఇక్కడే పుట్టింది. తెలుగు అర్థమవుతుంది గానీ జవాబు మాత్రం ఇంగ్లీషులోనే. స్కూలు ప్రాజెక్టు కోసం ఒక ఆఫ్రికా కవి గురించి చదివింది. తన దేశానికి స్వాతంత్ర్యం రాగానే అధ్యక్షుడైన కవి ఆయన. నల్లవాళ్ళకు నాగరికతే లేదన్న దొరలతో, మా పాటలో, లయలో, మనుషుల్ని కలుపుకునే తీరులో కూడా జ్ఞానముందని వాదించాడు. ముందు మన నేలలో వేళ్ళూనుకోవాలి, తర్వాత లోకానికి తలుపులు తెరవాలి, అందరూ తలొకటి తెచ్చి పెడితేనే అది ప్రపంచ నాగరికత అని ఆయన నమ్మకం.

"మరి ఆయన రాసింది ఫ్రెంచిలో కదా?" అని కొంటెగా అడిగాను. ఆయనకు బడిలో ఇంకో దారి లేదు, నాకుంది, నేను తెలుగులోనే చెప్తానని ఇంగ్లీషులో జవాబిచ్చింది. నా సంతోషం అంతా ఇంతా కాదు. వంటగదిలో ఇద్దరం కుస్తీ పట్టాం. 'స్వాతంత్ర్యం' నోరు తిరగడానికే ఒక ఆదివారం పట్టింది.

సభ రోజున ఐదు నిమిషాలన్నది రెండైంది. కమిటీ పెద్దాయన నన్ను పక్కకు పిలిచి, "పెళ్ళికి వెళ్తూ పిల్లిని చంకన పెట్టుకెళ్ళినట్టు, ఉగాదికి ఆఫ్రికా ఏంటండీ? ఒక డాన్స్ వేయిస్తే పోయేది కదా" అన్నాడు. ఒళ్ళు మండింది. అయినా పిల్లను వేదిక మెట్ల దాకా తీసుకెళ్ళాను.

అమ్మాయి మైకు పట్టుకుని, తడబడుతూ రెండు వాక్యాలు చెప్పిందో లేదో, యాంకరమ్మ నవ్వుతూ అడ్డొచ్చింది.

"ఇంగ్లీష్‌లో చెప్పేయ్ బంగారం, ఫాస్ట్‌గా అయిపోద్ది. అందరికీ అర్థమవుద్దిలే."

తెలుగు సంఘం వేదిక మీద, తెలుగు పండగనాడు! పిల్ల నావైపు చూసింది. ఇంగ్లీషు వద్దన్నట్టు తల అడ్డంగా ఊపాను. అప్పటికే హాల్లో చప్పట్లు మొదలయ్యాయి. గడగడా ఇంగ్లీషులో ముగించేసి దిగిపోయింది.

"ఎంత బాగా మాట్లాడిందండీ మీ పాప! యాక్సెంట్ అదిరింది" అని ఒక ఆంటీ ప్లేటు అందుకుంటూ మెచ్చుకుంది. ఆ మెప్పు పుండు మీద కారం చల్లినట్టుంది.

కారెక్కాక, "పోనీలే తల్లీ, వచ్చే ఏడాది తెలుగులోనే చెబుదువు గానీ" అన్నాను.

సీటు బెల్టు పెట్టుకుంటూ, ఎక్కడా తడబడకుండా, అచ్చ తెలుగులో అంది.

"వద్దు నాన్నా. వాళ్ళకే అక్కర్లేదు."