గేటు ముందు తెల్ల గుర్తు

సుత్తి మా గేటు ముందే నాలుగోసారి పడినప్పుడు నాకు మొదటిసారి భయమేసింది. మిగతా చోట్ల మూడేసి దెబ్బలు కొట్టి ముందుకు కదిలారు. ఇక్కడ మాత్రం ఆగిపోయారు.

గన్నవరం వైపు పోయే మా రోడ్డును వెడల్పు చేస్తారట. ముందుగా నేలను పరీక్షిస్తున్నారు. రోడ్డు అంచున మేకుల్లాంటి పరికరాలు వరసగా గుచ్చి, పసుపుపచ్చ తీగతో కలిపారు. ఇనప పలక మీద సుత్తితో కొడితే, ఆ అదురు మట్టిలోంచి మేకులకు ఎంతసేపట్లో చేరిందో ల్యాప్‌టాప్‌లో గీతలుగా కనిపిస్తుందట. గట్టి నేలలో త్వరగా, మెత్తటి నేలలో ఆలస్యంగా.

"కాసేపు నడవకండి మేడమ్, మీ అడుగులు కూడా రికార్డవుతాయి," అన్నాడు ఇంజినీరు. పెరుగు ప్యాకెట్ పట్టుకుని ఉన్నచోటే నిలబడ్డాను.

"ఏమైందండీ?"

"ఇక్కడ బాగా మెత్తగా ఉన్నట్టుందండి. తవ్వి చూస్తేగానీ చెప్పలేం."

తెల్ల రంగుతో గుర్తు వేసి వెళ్లిపోయారు. మా పిల్లలిద్దరూ రోజూ స్కూలు ఆటో కోసం నిలబడేది సరిగ్గా అక్కడే. కానీ ఇటుకల లారీలు కూడా ఆ చోటు మీదుగానే పోతున్నాయి. లారీని మోసిన నేల పిల్లల్ని మోయదా? నేను చదివింది బీకాం. ఆ గీతలను నమ్మాలో, కళ్లెదుట ఉన్న రోడ్డును నమ్మాలో తెలియలేదు.

మామయ్యగారిని అడిగాను.

"అక్కడ పొలాలకు నీళ్లు పారే పంటబోదె ఉండేదమ్మా. ప్లాట్లేసినప్పుడు పూడ్చాం," అన్నారు టీవీ చూస్తూనే.

"మట్టితోనా?"

"మట్టెక్కడిదీ? రైసు మిల్లు బూడిద ఊరికే ఇస్తుంటేనూ. పైన రెండు ట్రాక్టర్లు గ్రావెల్ తోలించాం."

"ఊరికే వస్తే మీ మామయ్య ఏలూరు కాలవనైనా పూడుస్తారు," అన్నారు అత్తయ్యగారు చిక్కుళ్లు గిల్లుతూ.

"ఇన్నేళ్లలో ఎప్పుడైనా కుంగిందా?" అని ఆయన విసుక్కున్నారు.

కుంగలేదనే నేనూ అనుకున్నాను. అంతలో గుర్తొచ్చింది. ప్రతి వానాకాలం గేటు ముందు నీళ్లు నిలిస్తే రెండు తట్టల మట్టి పోయడం మా ఇంట్లో అలవాటు. పోయినేడు పోసింది నేనే. అది కుంగడమేనా? లేక రోడ్డన్నాక అంతేనా? ఇంజినీరుకు చెబితే గేటు ముందంతా తవ్విపోస్తారేమో. చెప్పకపోతే?

పొద్దున షూ లేసులు కడుతూ పిల్లలకు చెప్పాను. "ఇవాళ్టి నుంచి ఆటో చర్చి దగ్గర ఎక్కుదురుగాని. గేటు ముందు కింద ఏముందో అమ్మకింకా తెలీదు. ఇంజినీరు అంకుల్ వస్తే తాతయ్య చెప్పింది నేను చెప్తాను. ఆయన తవ్వి చూసేదాకా మీరు ఆ గుర్తు తొక్కొద్దు."