బాలస్వామి మాస్టారి అయస్కాంతం

బాలస్వామి మాస్టారు అయస్కాంతం ఆనించి చూడందే దేన్నీ నమ్మరు. కొల్లేటికోట బళ్ళో సైన్సు చెప్పే ఆయన భుజాన, పాత లౌడ్‌స్పీకరులోంచి తీసిన గుండ్రటి అయస్కాంతం తాడుకి వేలాడుతూ ఉంటుంది. ఏలూరు నుంచి కొత్తగా వచ్చిన హెడ్మిస్ట్రెస్ రేహానా ఇంకా కూర్చోకముందే కుర్చీ కాలికి దాన్ని ఆనించారు.

"అంటుకుందండీ. ఇనుమేనండి. కూర్చోండి మేడమ్."

మండవల్లిలో ఒక చర్చి పెళ్ళిలో పెళ్ళికొడుకు ఉంగరానికి ఆనించారట. "ఇనుము కాదండీ!" అని ప్రకటిస్తే ఆడపెళ్ళివారు మురిసిపోయారు. "అలాగని బంగారమని నేనన్లేదండీ. ఇత్తడీ అంటుకోదు, రాగీ అంటుకోదు" అన్నారు మాస్టారు. మగపెళ్ళివారు ఉంగరాన్ని అప్పటికప్పుడు కంసాలి దగ్గరికి పంపారు. అసలు బంగారమేనని తేలేసరికి బిర్యానీ చల్లారిపోయింది.

స్టాఫ్‌రూములో లెక్కల టీచరూ ఇంగ్లిషు టీచరూ పోట్లాడుకుంటే ఆయన తీర్పు ఒకటే. "ఇద్దరూ ఉత్తర ధ్రువాలేనండీ. తోసుకోక ఏం చేస్తారు? ఎవరో ఒకరు అటు తిరగండి."

రేహానా ఇవన్నీ సహించింది. కానీ తెల్లారగానే ఆయన ఆ అయస్కాంతాన్ని కుక్కపిల్లలాగా బడికొచ్చే చెరువు గట్టు మీద ఈడ్చుకుంటూ తిరగడం, జనం నవ్వడం సహించలేకపోయింది. పైగా ఇన్‌స్పెక్షన్ దగ్గర పడింది.

"ఆఫీసరుగారు వచ్చి వెళ్ళేదాకా ఇది నా బీరువాలో ఉంటుంది మాస్టారూ."

"పొద్దున ఒక్క గంట ఇప్పిస్తారాండీ?"

"కుదరదండి."

ఆ మర్నాడే ఆమె స్కూటీ పంక్చరైంది. ఆ పై రోజూ అయింది.

"ఈ వారం బేరం బాగుందండి" అన్నాడు పంక్చర్ల ఫిరోజ్. "మాస్టారు ఊళ్ళో లేరాండీ?"

"ఆయనకీ నీ బేరానికీ ఏంటయ్యా సంబంధం?"

"చేపల లారీల్లో చెక్కపెట్టెలుంటాయి కదండీ, గట్టంతా మేకులే రాల్తాయండి. ఈ వానల్లో పిల్లలు చెప్పులు చేత్తో పట్టుకుని బురదలో నడుస్తారు. వాళ్ళు రాకముందే మాస్టారు ఆ అయస్కాంతంతో మేకులన్నీ లాగేస్తారండి. నా బేరం పోతుందని తిట్టుకుంటాను గానీ, మా పాప హుమా కూడా ఆ దారినే బడికి నడుస్తుందండీ."

రేహానాకి సిగ్గేసింది. ఇన్‌స్పెక్షన్ రోజు పొద్దున్నే అయస్కాంతం పట్టుకుని గట్టుకి వెళ్ళింది. అక్కడ మాస్టారు నడుం వంచి, కళ్ళజోడు ముక్కు చివరికి జారిపోతుంటే, ఉత్త చేతుల్తో బురదలో మేకులు వెతుకుతున్నారు.

"నాకు చెప్పొచ్చు కదండీ!"

"ఇనుము ఎక్కడుందో చెప్పడమే వచ్చండీ నాకు" అన్నారాయన నసుగుతూ.

రేహానా తాడు పట్టుకుని తనే ఈడ్చడం మొదలుపెట్టింది. అయస్కాంతానికి మేకులు గుత్తులుగా అంటుకున్నాయి. సరిగ్గా అప్పుడే వచ్చి ఆగింది ఆఫీసరుగారి కారు.

"ఏంటి మేడమ్ ఇది?"

"పిల్లల దారి సార్. శుభ్రం చేస్తున్నామండి" అంది రేహానా, తాడు వదలకుండా.

ఆయన మేకుల వంక చూసి, తల ఊపి, కారు దిగారు. దిగీ దిగగానే మాస్టారు మేకులు దులిపేసి, అయస్కాంతాన్ని ఆయన ఉంగరానికి ఆనించారు.

"ఇనుము కాదండీ!"

ఆఫీసరుగారి ముఖం వెలిగిపోయింది. రేహానా కంగారుగా మాస్టారి చొక్కా పట్టుకుని లాగింది.

"మిగతా ముక్క మాత్రం చెప్పకండి మాస్టారూ!"