నాలుగో ముడి దాకా

మార్చి పద్నాలుగు, గురువారం, ఉదయం ఆరు గంటలు. మావారికి పక్షవాతం మొదలైన సమయంగా నా డైరీలో ఉన్నది ఇదే. మొదట ఏడూ ఐదు అని రాశాను. అది కొట్టేసి అయిదున్నర అని రాశాను. దాన్నీ కొట్టేసి ఆరు చేశాను. ముప్ఫై నాలుగేళ్ళు హైస్కూల్లో లెక్కలు చెప్పినదాన్ని. ఒకే చోట రెండు కొట్టివేతలున్న పేజీ నా డైరీల్లో అదొక్కటే.

మేం విజయనగరం నుంచి భావనపాడు వచ్చి అప్పటికి రెండేళ్ళ ఎనిమిది నెలలు. జూట్ మిల్లులో ఉద్యోగం చేసినంత కాలం నార దుమ్ము పీల్చిన మనిషి, రిటైరయ్యాక సముద్రపు గాలి కావాలన్నారు. నా షరతు ఒక్కటే, ముందు ఆసుపత్రి దూరం కొలవాలని. ఇల్లు చూడ్డానికి వచ్చిన రోజే చేతి గడియారం పెట్టుకుని కొలిచాను. నర్సు ఉండే ఆరోగ్య కేంద్రానికి నడిస్తే ఏడు నిమిషాలు. అక్కడికి డాక్టరు వచ్చేది మంగళ, శుక్రవారాలు మాత్రమే. టెక్కలికి ఆటోలో ముప్ఫై ఐదు నిమిషాలు. తలకి స్కాను తీయాలంటే శ్రీకాకుళం వెళ్ళాలి, గంటా నలభై.

"సరిపోతుందా?" అన్నారాయన.

"ఆలస్యం చెయ్యకపోతే సరిపోతుంది."

"నువ్వుండగా ఆలస్యం ఎలా జరుగుతుందిలే" అని నవ్వారు.

ఆ రెండేళ్ళ ఎనిమిది నెలలూ హాయిగానే గడిచాయి. కిటికీ ఊచలకి ఉప్పు పట్టి తుప్పు రాలేది. రోజూ ఎనిమిదింటికి ఇద్దరి బీపీ చూసి రాసేదాన్ని. పక్కింట్లో ఎండుచేపలమ్మే ఆవిడ మధ్యాహ్నం మా అరుగు మీద కూర్చుని నా డైరీని చూసి, "పంతులమ్మా, నానెన్నిసార్లు దగ్గినానో కూడా రాసినావేటి?" అనేది. రాయలేదు. కానీ ఆవిడ అడిగిన రోజు లెక్కపెట్టాను.

ఆయనకి మాత్రం ఒడ్డు మీద పని దొరికింది. అక్కడ పెద్దవల లాగుతారు. పడవ వలని సముద్రంలో అర్ధచంద్రంలా పరిచి వస్తుంది. ఒడ్డున రెండు జట్లు రెండు తాళ్ళు పట్టి లాగుతాయి. తాడు మీద చెయ్యి వేసినవాడెవడైనా సరే, చేపల్లో వాటా ఇస్తారు. ఒక నియమం ఉంది: వల సంచి ఒడ్డుకి వచ్చేదాకా తాడు పట్టినవాడు వెళ్ళిపోకూడదు. లాగే వయసు కాదు కాబట్టి, వచ్చిన తాడుని ఇసుకలో చుట్టలుగా పేర్చే పని ఆయన తీసుకున్నారు. మిల్లు చెయ్యి కదా, ఆ చుట్టలు అప్పడాల దొంతరలా ఉండేవి. జాలర్లు ఆయన్ని మిల్లు మావ అనేవారు.

ఆ గురువారం ఏడూ ఐదుకి ఆయన గుమ్మంలోకి వచ్చారు. చేపల సంచి ఎడమచేతిలో ఉంది. పెళ్ళైన నలభై ఒక్క ఏళ్ళలో ఆయన ఎడమచేత్తో సంచి పట్టుకోవడం నేను చూడలేదు. కుడికాలికి ఇసుక గీతలా అంటింది, ఈడ్చుకుంటూ వచ్చినట్టు. "ఏమైంది?" అంటే నోరు ఒక పక్కకి పోయింది, మాట ముద్దగా వచ్చింది.

గడియారం చూశాను. తర్వాతే ఏడుపొచ్చింది.

పక్కింటావిడ పరుగున వెళ్ళి ఆటో తెచ్చింది. నర్సు బీపీ, సుగరు చూసి, "ఇక్కడ ఒక్క నిమిషం కూడా ఉంచొద్దమ్మా, నేరుగా శ్రీకాకుళం" అంది. టెక్కలి నుంచి బయల్దేరిన అంబులెన్సుకి మేం ఆటోలో ఎదురెళ్ళాం. తొమ్మిదీ ఇరవైకి ఆసుపత్రి గేటు. తొమ్మిదీ నలభై ఐదుకి స్కాను అయింది. రక్తం గడ్డ అడ్డుపడింది. కరిగించే ఇంజెక్షన్ ఉందట, కానీ మొదలైన నాలుగున్నర గంటల్లోపే ఇవ్వాలి. దాటాక ఇస్తే తలలో రక్తస్రావం కావచ్చు.

"ఎప్పుడు మొదలైంది?" అన్నాడు డాక్టరు. నా దగ్గర చదివి వెళ్ళిన పిల్లల వయసు కుర్రాడు.

"ఏడూ ఐదు" అన్నాను గట్టిగా.

"అది మీరు చూసిన టైమమ్మా. అంతకు ముందు ఆయన బాగున్నట్టు చివరిసారి చూసిందెవరు?"

అన్ని దూరాలూ కొలిచినదాన్ని, ఆ ప్రశ్న నాకే తట్టలేదు. పక్కింటావిడకి ఫోన్ చేశాను. ఆవిడ ఒడ్డు మీదే ఉంది, ఫోన్ వల లాగించే పడవ పెద్దకిచ్చింది. అతను గట్టిగా ఏడుస్తున్నాడు.

"తాడు పట్టిన కాడ్నించీ తడబడతానే ఉన్నాడమ్మా! రాత్రి ఏటేసినావు మావా అని అందరం నవ్వినాం. ఆ మనిసి సుక్క ముట్టడని తెలిసీ నవ్వినాం. ఎళ్ళిపోతానని ఆయనా అన్లేదు. వల నీళ్ళల్లో ఉండగా ఎలగెళ్తాడమ్మా!"

తాడు పట్టింది అయిదున్నరకి. అంటే పదింటికి గడువు ముగుస్తుంది. గోడ గడియారంలో తొమ్మిదీ యాభై రెండు. మందు సిద్ధం చేయడానికి, బీపీ దించడానికి ఇంకా ఇరవై నిమిషాలైనా కావాలి. డాక్టరు పెన్ను మూత పెట్టాడు.

"అమ్మాయ్, ఆ తాడు ఇంకా అక్కడే ఉందా?" అన్నాను, ఫోన్ మళ్ళీ తీసుకున్న పక్కింటావిడతో.

"తాడేటి పంతులమ్మా ఇప్పుడు?"

"మావారు పేర్చినట్టే ఉందా, ఎవరైనా కదిలించారా?"

"ఎవులూ ముట్లేదు. అలగే ఉన్నాది."

"ముడులు లెక్కపెట్టు. ఎక్కడి దాకా చుట్ట బాగుందో చూసి చెప్పు."

ఆ తాడు ముక్కలు ముక్కలుగా ముడేసినది. ఆవిడ ఇసుకలో కూర్చున్నట్టుంది, ఊపిరి వినిపిస్తోంది. "ఒకటో ముడి బాగున్నాది. రెండు. మూడు. నాలుగో ముడి కాడా అప్పడాల్నాగే ఉన్నాది. దాని మీద... ఏటమ్మా ఇది, పిల్లి ఆడుకున్న నూలు నాగున్నాది."

"నాలుగో ముడి ఒడ్డుకి ఎప్పుడొచ్చిందో పడవ పెద్దనడుగు."

పడవ పెద్దే ఫోన్ అందుకున్నాడు. "బస్సు! బస్సు కదిలినప్పుడమ్మా. నా ఆడది టెక్కలి సంతకెళ్తా కిటికీలోంచి సెయ్యూపింది. నాను తాడొదల్లేక తలూపినాను. అప్పుడు నాలుగో ముడి నా సేతుల్లో ఉన్నాది. మావ దాన్ని అందుకుని నవ్వినాడు కూడాను. మొదట్నించీ అన్నానా? తప్పు సెప్పినానమ్మా, కంగారులో నోటికొచ్చింది సెప్పినాను."

ఒడ్డు పక్కనే ఆగే ఆ టెక్కలి బస్సు ఆరింటికి ముందు కదలదు. ఆలస్యమైన రోజులు నా డైరీలో ఉన్నాయి, తొందరపడిన రోజు ఒక్కటీ లేదు. డాక్టరు నా చేతిలోంచి ఫోన్ తీసుకుని అవే ప్రశ్నలు అటూ ఇటూ తిప్పి అడిగాడు. పెన్ను మూత తీశాడు. పదీ పద్నాలుగుకి ఇంజెక్షన్ ఇచ్చారు. గడువు పదిన్నర.

సాయంత్రానికి కుడికాలు కదిలింది. డాక్టరు వచ్చి, మాట ఎంత వచ్చిందో చూడ్డానికి నన్ను చూపించి, "ఈవిడ పేరేంటి తాతగారూ?" అన్నాడు. ఆయన పైకప్పు చూశారు. మళ్ళీ అడిగితే కళ్ళు మూసుకున్నారు. డాక్టరు కాగితం మీద ఏదో రాయబోయాడు.

"అది రాయకండి బాబూ" అన్నాను. "పెళ్ళైన దగ్గర్నుంచీ ఆయన నా పేరు పలకలేదు. ఇంకేదైనా అడగండి."

ఏం పని చేసేవారని అడిగాడు. "మిల్లు" అన్నారు ఆయన, స్పష్టంగా. నర్సులు నవ్వారు.

మర్నాడు పొద్దున నేను కుర్చీలో కునుకు తీస్తుంటే ఎవరో నా పేరు పిలిచారు. మా అమ్మ పోయాక అలా ఒట్టి పేరు పెట్టి పిలిచినవాళ్ళు లేరు. కళ్ళు తెరిస్తే ఆయనే, మంచినీళ్ళు కావాలట. ఆరూ ఇరవై. అది రాసుకోవడానికి కళ్ళజోడు వెతుక్కున్నాను. దొరికాక కూడా కాసేపు ఏమీ కనపడలేదు.

విజయనగరం వెళ్ళిపోదామా అని అడిగాను. వద్దన్నారు. నేనూ రెండోసారి అడగలేదు. ఇప్పుడు ఒడ్డున ఒక నియమం మారింది. పక్షవాతాన్ని ఎలా పసిగట్టాలో ఊళ్ళో నర్సు జాలర్లందరికీ నేర్పింది. తాడు చేతికిచ్చే ముందు పడవ పెద్ద ప్రతివాడి ముందూ నిలబడి, "ఒరే, నవ్వు. సేతులెత్తు. నీ పెళ్ళాం పేరు సెప్పు" అంటాడు. ఏ ఒక్కటి తేడా వచ్చినా వల నీళ్ళలో ఉన్నా సరే, వెళ్ళిపోవచ్చు, వాటా ఇంటికి వస్తుంది. మావారు మాత్రం రెండింటికే జవాబిస్తారు.

"మూడోది మావా?"

"అది ఆసుపత్రిలో చెప్పేశాను."

ఇప్పుడాయన ఎడమచేత్తో పేరుస్తారు. చుట్టలు ఇదివరకటంత గుండ్రంగా రావు.

పోయినవి: కుడిచేతి ఉంగరపు వేలు, చిటికెన వేలు, రెండింటి పట్టు. సంతకం. ఆసుపత్రిలో పదకొండు రోజులు. అంబులెన్సులో ఎక్కడో ఒక ఎడమకాలి చెప్పు. అరుగు మీద వదిలేసి వెళ్ళిన సంచిలోంచి పిల్లి తిన్న కవళ్ళ చేపలు పద్నాలుగు, తలకాయలు లెక్కపెట్టాను. నలభై ఒక్క ఏళ్ళ నియమం ఒకటి.