బఠాణీలు తిన్న డిసెంబరు పావురం

నవంబరు చివరి వారంలో మా ఇంట్లో ఫోను మోగి, ఎత్తాక అటునుంచి ఊపిరి తప్ప ఏమీ వినపడకపోతే, అది ఆంబ్రోస్ మావర్ గారు. ఆయన ముందు ఊపిరి పీలుస్తారు. తర్వాత గొంతు సవరించుకుంటారు. బాగున్నారా, చలి ఎలా ఉంది లాంటివేమీ ఉండవు.

"ఆవ మీద వాలుతున్నాయా?"

వాలేవి అడవి పావురాలు. మా లింకన్‌షైర్‌లో ఓక్ కాయలు అయిపోయి నేల గడ్డకట్టాక పచ్చగా మిగిలేవి ఆవ చేలే. పొద్దున్నే వెయ్యి పావురాలు దిగాయంటే సాయంత్రానికి ఎకరం బోడిగుండు. అందుకని తుపాకి పట్టినవాడికి రైతు చేను అప్పగిస్తాడు. డబ్బు మాట ఉండదు, కాగితం ఉండదు. వెళ్లేటప్పుడు అతను ఒక జత పావురాల్ని రైతు వెనక తలుపు గొళ్లానికి తగిలించి వెళ్తాడు. పంట ఉంటే రావాలి, లేకపోతే ఆ పొలంలో అతనికి పనిలేదు. ఈ మర్యాద ఎక్కడా రాసిలేదు కానీ మావర్ గారికి మాత్రం అది చర్చిలో చదివే వాక్యం కంటే ఎక్కువ.

ఆయన నలభై ఏళ్లు పొలాల కాలువలు తవ్వే శాఖలో పనిచేశారు. పెళ్లి చేసుకోలేదు. అక్క వినిఫ్రెడ్‌తో కలిసి ఉండేవారు. ఇద్దరి వాటా మాటలూ ఆవిడే మాట్లాడేది. రెండేళ్ల కిందట ఆవిడ పోయింది. అంత్యక్రియల్లో పాస్టరు గారు "ఏమైనా చెబుతారా?" అని అడిగితే, మావర్ గారు లేచి నిలబడి, కోటు గుండీ పెట్టుకుని, మళ్లీ కూర్చున్నారు. అక్కడున్న పదకొండుమందిమీ మా బూట్ల వంక చూసుకున్నాం.

ఆ తర్వాత ఆయనకు మిగిలినది మా చేను. చలికాలమంతా ప్రతి గురువారం పాత వ్యాను వేసుకుని ఆరు మైళ్లు వచ్చేవారు. సాయంత్రం మూడింటికి వెనక తలుపు దగ్గర నిలబడి టీ తాగుతూ రాబోయే రోజుల జాతకం చెప్పేవారు. "ఈ ఏడు కాయ దండిగా ఉంది. క్రిస్మస్ దాకా అడవి వదలవు. ఆ తర్వాత చూడు, అమ్మాయ్." వారం మొత్తంలో ఆయన మాట్లాడే మాటలు అవేనని నాకు అనుమానం.

కిందటేడు మా ఆవ పోయింది. ఆగస్టులో చల్లితే సెప్టెంబరులో నల్లటి చిన్న పెంకుపురుగులు మొలకంతా నాకేశాయి. మా ఆయన రోలాండ్ దున్నేసి గోధుమ వేశాడు. లేత గోధుమ మీద పావురం వాలదు.

"మావర్‌కి చెప్పాలి" అన్నాడు రోలాండ్.

"చెప్పు మరి."

"ఫోను ఎత్తేది నువ్వేగా."

నవంబరులో ఫోను మోగింది. ఊపిరి. గొంతు సవరింపు. "ఆవ మీద వాలుతున్నాయా?"

లేదని చెప్పడానికే నోరు తెరిచాను. ఆ ఇంట్లో గోడ గడియారం చప్పుడు ఫోనులో వినపడింది. టక్, టక్. వేరే ఏ చప్పుడూ లేదు.

"వాలుతున్నాయండీ. మబ్బు పట్టినట్టు" అన్నాను.

ఫోను పెట్టాక రోలాండ్ రొట్టె ముక్క నోటి దగ్గరే ఆపి నన్ను చూశాడు. "ఏ ఆవ మీదే వాలేది? నీ నెత్తి మీదా?"

వచ్చి చూసుకుంటారు, నవ్వుకుంటారు, టీ తాగి వెళ్తారు, అంతే కదా అనుకున్నాను. ఆయన గురువారం వచ్చారు. తిన్నగా చేలోకి వెళ్లారు. కంచె పక్కన వల కట్టి మాటు వేశారు. పన్నెండు బొమ్మ పావురాల్ని గాలికి ఎదురుగా, గుర్రపునాడా ఆకారంలో, గోధుమలో గుచ్చారు. లోపలికి దూరి కూర్చున్నారు. పదకొండింటికి రెండు తుపాకి మోతలు వినిపించాయి. రెండింటికి ఇంకో రెండు. మూడింటికి తలుపు దగ్గరికొచ్చి జత పావురాల్ని గొళ్లానికి తగిలించారు.

"ఎలా ఉన్నాయండీ?" అని అడిగాను.

"పర్లేదు. కాస్త ఎత్తులో పోతున్నాయి."

అయ్యో, చూపు పోయింది ఈయనకి అనుకున్నాను. గోధుమకీ ఆవకీ తేడా కనపడని మనిషిని నేను అబద్ధం చెప్పి చలిలో కూర్చోబెట్టాను. నిజం చెబుదామంటే "మీకు చూపు ఆనట్లేదు" అని కూడా చెప్పినట్టవుతుంది. అలా మూడు గురువారాలు గడిచాయి. మూడు జతలు వచ్చాయి.

మూడో జతని అప్పటికప్పుడే బాగుచేద్దామని కూర్చున్నాను. ఈకలు పీకుతుంటే రొమ్ము మెత్తగానే ఉంది, లోపల మాత్రం రాయి. వేలు పెడితే జివ్వుమంది. మంచుగడ్డ. గొంతుసంచి కోసి చూస్తే నిండా పచ్చి బఠాణీలు, గుండ్రంగా, నిగనిగలాడుతూ.

మా వైపు బఠాణీ కోతలు జులైలో అయిపోతాయి.

రోలాండ్ ఒక బఠాణీని వేళ్ల మధ్య తిప్పి చూశాడు. "డిసెంబరులో ఇది తినొచ్చిందంటే ఈ పావురానికి పాస్‌పోర్టు ఉండాలి."

"నవ్వకు."

"ఎండాకాలంలో కొట్టినవి ఈకలతోనే ఫ్రీజర్లో పడేసి ఉంటాడు. ఒక్కో వారం ఒక్కో జత తీసుకొస్తున్నాడు."

"మరి ఆ మోతలు?"

రోలాండ్ పైకప్పు వంక వేలు చూపించాడు.

నాలుగో గురువారం ఫ్లాస్కులో టీ పోసుకుని చేను దాటి వెళ్లాను. "మావర్ గారూ, నేనండీ, కాల్చకండి!"

"నిన్ను కాల్చడమెందుకమ్మాయ్, పావురమంత వేగం కూడా లేదు నీకు." వల పక్కకి జరిపారు. బోర్లించిన బకెట్టు మీద ఆయన, తూటాల డబ్బా మీద నేను కూర్చున్నాం. ఎదురుగా బొమ్మ పావురాలు గోధుమని తదేకంగా చూస్తున్నాయి.

"ఇది గోధుమండీ."

"ఈ చేల పక్కన నలభై ఏళ్లు కాలువలు తవ్వాను. నాకు తెలీదనుకున్నావా?"

"మొదటి రోజే తెలుసా?"

"వ్యాను దిగకముందే."

నా చెవులు కాలిపోయాయి. "మరి ఎందుకొచ్చారండీ ఇన్ని వారాలు?"

ఆయన చాలాసేపు టీ ఊదారు. అది అప్పటికే చల్లారిపోయింది. "మబ్బు పట్టినట్టు అన్నావు. నువ్వెప్పుడూ అలా మాట్లాడవు. రోలాండేమో పొద్దస్తమానం ట్రాక్టరు మీదే. పిల్లలా దూరాన. ఏమీ తోచక పిలుస్తోందేమో, పాపం, అనుకున్నా. కాదంటే బాగుండదుగా."

అంటే నేను ఆయన మీద జాలిపడుతున్నంతసేపూ ఆయన నా మీద జాలిపడుతున్నారు. నాకు నవ్వు ఆగలేదు. నవ్వుకి ఆయన భుజాలూ కదిలాయి.

"అయితే దేన్ని కాల్చేవారు?"

"ఆకాశాన్ని. మోత వినపడకపోతే నువ్వు బాధపడతావని."

నవ్వు ఆగాక ఆయన లేచారు. ఒక్కొక్కటిగా బొమ్మల్ని పీకి సంచిలో వేసుకోసాగారు.

"అదేంటండీ, ఉండండి, టీ ఉంది."

"చెప్పేశావుగా" అన్నారు, కోపం లేకుండానే. "పంట లేదని ఇద్దరికీ తెలిశాక తుపాకి పెట్టుకుని ఇక్కడ నేనేం చేస్తాను? దారి తప్పినవాణ్ణి అవుతా."

అప్పటిగ్గాని నాకు వెలగలేదు, ఆయనకి గురువారం ఉన్నది ఆ అబద్ధం వల్లేనని. కంగారులో నోటికొచ్చింది అనేశాను. "హోల్మ్ ఎస్టేటు వాళ్లకి ఆవ ఉందండీ. రెండు వందల ఎకరాలు. పావురాలు మేసేస్తున్నాయని, కొట్టేవాళ్లు కావాలని మేనేజరు అడుగుతున్నాడు."

"నిజంగానా? లేక మబ్బు పట్టినట్టా?"

"నిజంగానే."

వెళ్లారు. జనవరిలో నేల ఇనుములా బిగిసింది. పడమటి గాలి వీచినప్పుడు హోల్మ్ వైపు నుంచి మోతలు వినపడేవి. రెండు కాదు, పొద్దున్నుంచి చీకటి పడేదాకా. మంచి పనే చేశానని రోలాండ్ అన్నాడు. గురువారం మూడింటికి నేను కెటిల్ పెట్టి, మళ్లీ దించేసేదాన్ని.

ఫిబ్రవరిలో ఒకరోజు వెనక తలుపు దగ్గర ఎవరో దగ్గారు. ఆయనే. తుపాకి లేదు, చేతుల్లో ఏమీ లేదు. ఆ చేతుల్ని జేబులో పెట్టి, తీసి, వెనక్కి కట్టుకున్నారు.

"నిన్న నూటపది" అన్నారు.

"అబ్బో! మేనేజరు ఏమన్నాడు?"

ఫోను తీసి నాకు చూపించారు. "ఇది పంపాడు. బొటనవేలు. మంచిదేనా ఇది?"

"మంచిదేనండీ."

"ఊఁ." ఫోను జేబులో పెట్టుకున్నారు. "అక్కడ తలుపు లేదమ్మాయ్."

"తలుపు లేకపోవడమేంటి?"

"ఇల్లు విడిగా అమ్మేశారట. కొన్నవాళ్లు వేసవికొస్తారట. పొలం దగ్గర ఎవరూ ఉండరు, మేనేజరూ ఫోనులోనే. జతని గేటుకి తగిలించాను. మరుసటి వారం వెళ్తే అలాగే ఉన్నాయి. కాకులు ఒక కన్ను..." ఆపేసి ఖాళీ గోధుమ చేను వంక చూశారు.

ఏదో ఒకటి అనాలనిపించింది. రండి అంటే ఎందుకు అంటారు. ఎందుకో చెప్పడానికి నా దగ్గర పంట లేదు. ఆయన ఊపిరి పీల్చారు. గొంతు సవరించుకున్నారు.

"గురువారాలు మీరు మధ్యాహ్నం భోజనం ఎన్నింటికి చేస్తారు?"

"పన్నెండున్నరకండీ."

"ఊఁ" అని వ్యాను ఎక్కి వెళ్లిపోయారు.

గురువారం మూడు పళ్లాలు పెట్టాను. పన్నెండు పదికి వ్యాను వచ్చి మా ముంగిట్లో ఆగింది. ఎవరూ దిగలేదు. కిటికీలోంచి చూస్తే ఆయన స్టీరింగు మీద రెండు చేతులూ పెట్టుకుని తిన్నగా ముందుకి చూస్తూ కూర్చున్నారు.

"ఆకలి చంపేస్తోందే, పిలువు ఆయన్ని" అన్నాడు రోలాండ్.

"వద్దు. కదలకు. కిటికీ దగ్గర్నుంచి ఇవతలికి రా."

కూర చల్లారుతూ ఉంది. సరిగ్గా పన్నెండున్నరకి వ్యాను తలుపు చప్పుడైంది. జుట్టు నీళ్లతో తడిపి, నున్నగా పక్కకి దువ్వుకుని, మెడకి టై కట్టుకుని, మావర్ గారు మేము ఎవరమూ ఎప్పుడూ వాడని ముందు తలుపు వైపు నడిచి వస్తున్నారు.