పరమేశ్ దిద్దిన లెక్క

పరమేశ్ తాండూరులో ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెబుతాడు. సెలవు దొరికితే చాలు, ఒకే ఒక్క పరమాణువుతో కుస్తీ పడతాడు. ఒక కోబాల్టు పరమాణువును రాగి పలక మీద పెడితే దాని అయస్కాంత గుణం ఏమవుతుందన్నది అతని పీహెచ్‌డీ. పలకా లేదు, పరమాణువూ లేదు, ఉన్నదంతా కంప్యూటర్‌లో లెక్కే. ఏడేళ్లయింది. ఈ నెల ఇరవైలోగా థీసిస్ ఇవ్వకపోతే రిజిస్ట్రేషన్ రద్దు, అంతే సంగతులు.

చల్లబరిచే కొద్దీ పరమాణువు అయస్కాంతంలా ఇంకా గట్టిగా స్పందించాలి. పిల్లలకు ఇన్నేళ్లుగా అతను చెప్పింది అదే. తీరా తన లెక్కలో బాగా చల్లబరచగానే ఆ గుణం తగ్గిపోయేది. కోబాల్టేమో కోబాల్టులాగే ఉంది. మరి దాని అయస్కాంతం ఎటు పోయినట్టు? పరమేశ్‌కు బుర్ర తిరిగిపోయింది.

ఇలాంటప్పుడు ఏం చేయాలో అతను చిన్నప్పుడే నేర్చుకున్నాడు. యాలాల్ దగ్గర వాళ్లది గొర్రెల మంద. పొద్దుగూకి దొడ్డిలోకి తోలేటప్పుడు లెక్క ఒకటి తగ్గిందా, తండ్రి బీరయ్య మళ్లీ లెక్కపెట్టించేవాడు. "గొర్రె యాడికి పోతదిరా? నువ్వే తప్పు లెక్కవెట్టినవ్" అనేవాడు. తక్కువ వచ్చిన లెక్క తప్పు లెక్క. ఈ సూత్రాన్ని మహానుభావుడు తీసుకెళ్లి రాగి మీద ప్రయోగించాడు. రెండేళ్ల పాటు తగ్గిన లెక్కనల్లా చెరిపేశాడు, మళ్లీ చేశాడు, మళ్లీ చెరిపేశాడు. చివరికి ఒక అంకెను కాస్త జరిపాడు. లెక్క బుద్ధిగా పెరిగింది. హమ్మయ్య అనుకున్నాడు, పాపం.

పన్నెండో తేదీన ఆ లెక్కతో రాసిన అధ్యాయం పట్టుకుని రైలెక్కి, వికారాబాద్‌లో ఉండే తన గైడు శ్యామల మేడమ్ ఇంటికి వెళ్లాడు. ఆమె గ్రాఫు చూసి కళ్లద్దాలు తీసింది.

"గంత చల్లగైనా పెరుగుతదా? రాగిల ఎలక్ట్రాన్లు ఊకుంటయా పరమేశ్? అవన్ని కోబాల్టు చుట్టు చేరి దాని అయస్కాంతాన్ని కప్పేస్తయి. తగ్గాలె గద?"

"అంటే... అది ఉన్నట్టా, పోయినట్టా మేడమ్?"

"ఉంటది. కానీ విడిగ ఉండదు. రాగితోని కలిసిపోతది."

పరమేశ్‌కు సగమే అర్థమైంది. ఆ సగంలోనే తను చేసిన తప్పు కనిపించింది.

"ముందుగాల తగ్గే వచ్చింది మేడమ్. తప్పనుకోని నేనే దిద్దిన."

"పాతయి ఉన్నయా?"

"చెరిపేసిన."

సిగ్గుతో తలెత్తలేకపోయాడు. రెండేళ్లు నిజం వస్తూనే ఉంది, వచ్చినప్పుడల్లా తనే తరిమేశాడు.

"మల్ల చెయ్యనీకి ఎన్ని రోజులు పడుతది?" అని మేడమ్ అడిగింది.

"పదిహేను."

గడువు ఎనిమిది రోజులు. ఇలాగే ఇచ్చేస్తే పరీక్షకులు ఆ అంకెను పట్టుకుంటారా? బహుశా పట్టుకోరు. మేడమ్ కూడా అదే ఆలోచిస్తోందో ఏమో, కిటికీ వైపు చూస్తోంది. ఏం చేయాలో పరమేశ్‌కు తోచలేదు. తోచకుండానే ఆ కాగితాలు అడ్డంగా చించేశాడు.

"ఏడేండ్లు పోతయి పరమేశ్."

"పోనీ మేడమ్. గిది నిజమని నేను సంతకం పెట్ట." చిరిగిన ముక్కలు సంచిలో కుక్కాడు. "కానీ గదేంది మేడమ్, ఉంటదంటిరి, విడిగ ఉండదంటిరి. జర మల్ల చెప్పుండ్రి, నాకు సమజ్ కాలే."